సూర్యుడి మీద గ్యాస్ ఎటు వీస్తోందో కొడైకెనాల్ కొండ మీద నుంచి పట్టేశారు.. ఎవరీ జాన్ ఎవర్షెడ్?

కొడైకెనాల్ అనగానే మనకు గుర్తొచ్చేవి లేక్‌లో బోటింగ్, కోకర్స్ వాక్, పొగమంచు. రీల్స్ నిండా అవే. కానీ అదే కొండ మీద, 2,300 మీటర్లకు పైగా ఎత్తులో, ఓ పాత సోలార్ అబ్జర్వేటరీ ఉంది. 1909 జనవరిలో అక్కడ పనిచేస్తున్న ఓ ఇంగ్లిష్ ఆఫీసర్ తాను తీసిన ఫొటో పలకను పరీక్షగా చూస్తుంటే, నిటారుగా ఉండాల్సిన కొన్ని సన్నటి నల్ల గీతలు ఓ చోట కాస్త ఒరిగి కనిపించాయి. వెంట్రుకవాసి తేడా అంతే. కానీ సూర్యుడి ఉపరితలం మీద గ్యాస్ సెకనుకు కిలోమీటర్ల వేగంతో పారుతోందని చెప్పింది ఆ తేడానే. ఇవాళ సోలార్ ఫిజిక్స్ చదివేవాళ్లు దాన్నే ఎవర్షెడ్ ఎఫెక్ట్ అంటారు.

ఆయనే జాన్ ఎవర్షెడ్. ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే, ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. నలభై ఏళ్లు దాటేదాకా ఆస్ట్రానమీ ఆయన ఉద్యోగం కూడా కాదు.

ఎవర్షెడ్ 1864 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో గోమ్‌షాల్ అనే ఊళ్లో పుట్టారు. ఆయనకు నాలుగేళ్ల వయసులో మన గుంటూరులో ఓ పెద్ద సంఘటన జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే సైంటిస్ట్ పనిగట్టుకుని గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగిసే ఎర్రటి మంటల్లాంటి జ్వాలల కాంతిని స్పెక్ట్రోస్కోప్‌తో విడగొట్టి చూశారు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. అయితే మన కథకు కావాల్సింది ఆ మర్నాటి సంగతి. గ్రహణం లేకపోయినా స్పెక్ట్రోస్కోప్‌తో ఆ జ్వాలలను రోజూ చూడొచ్చని జాన్సెన్ మర్నాడే గుంటూరులో చూపించారు. సూర్యుణ్ని చదవాలంటే ఏళ్ల తరబడి గ్రహణం కోసం ఎదురుచూడాల్సిన పని తప్పింది.

ఆ పద్ధతి పుణ్యమాని పెద్ద అబ్జర్వేటరీ లేనివాళ్లు కూడా సూర్యుడి మీద పనిచేయగలిగారు. వాళ్లలో ఎవర్షెడ్ ఒకరు. లండన్‌లో ఓ కంపెనీలో కెమికల్ పరీక్షలు చేసే ఉద్యోగం. మిగతా టైమంతా సూర్యుడికే. 1890లో కెన్లీ అనే చోట సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకుని ఆ జ్వాలలను వరసగా నమోదు చేయడం మొదలుపెట్టారు. అదే ఏడాది మొదలైన బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్‌లో తొలి సభ్యుల్లో ఆయన కూడా ఉన్నారు. పరికరాలు చాలావరకు తన చేత్తోనే బిగించుకునేవారు. ఈ అలవాటు చివరిదాకా పోలేదు.

గ్రహణాల విషయంలో మాత్రం ఆయనకు అదృష్టం అంతంతమాత్రమే. 1896లో నార్వే దాకా వెళ్తే మబ్బులు కమ్మేశాయి. కానీ ఆ ప్రయాణంలోనే మేరీ ఓర్ పరిచయమయ్యారు. ఆవిడకూ ఆకాశమంటే పిచ్చి. పదేళ్ల తర్వాత, 1906లో పెళ్లి చేసుకున్నారు. గ్రహణం కనిపించలేదు కానీ ట్రిప్పు వేస్ట్ కాలేదన్నమాట! 1898 జనవరి 22 గ్రహణానికి మొదటిసారి మన దేశం వచ్చారు. ఇప్పటి మహారాష్ట్రలోని తల్ని దగ్గర ఆకాశం శుభ్రంగా ఉండటంతో మంచి స్పెక్ట్రమ్ ఫొటోలు దొరికాయి. ప్రొఫెషనల్స్ దృష్టి ఆయన మీద పడటానికి ఆ ఫొటోలు బాగా పనికొచ్చాయి.

కొడైకెనాల్‌లోనే ఎందుకు?

ఇక్కడ రాయలసీమ వాళ్లకు తెలిసిన ఓ చేదు జ్ఞాపకం చెప్పుకోవాలి. 1876-78 మధ్య మద్రాస్ ప్రెసిడెన్సీని కుదిపేసిన కరువు. కర్నూలు, కడప, అనంతపురం, బళ్లారి వైపు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ధాత కరువు అని పెద్దవాళ్లు చెప్పేది దీన్నే. లక్షల మంది చనిపోయారు. వానలు ఎందుకు మొహం చాటేస్తున్నాయో ముందే తెలుసుకునే దారి ఉందా అని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి కదా, వానలకూ దానికీ లింకు ఉందేమోనని కొందరు గట్టిగా నమ్మారు. ఆ మచ్చల లెక్కతో వానలు, కరువులు చెప్పగలమన్న ఆశ నెరవేరలేదు. కానీ దక్షిణ భారతంలో సూర్యుణ్ని రోజూ గమనించే అబ్జర్వేటరీ కావాలన్న వాదనకు మాత్రం బలం వచ్చింది. అలా 1899లో మద్రాస్ అబ్జర్వేటరీ పని కొడైకెనాల్ కొండకు మారింది.

ఆకలి చావుల మధ్య పుట్టిన ప్రశ్న, చివరికి సూర్యుడి మీద గాలులు కొలిచే చోటుకు తీసుకెళ్లింది. చరిత్ర ఇలాగే నడుస్తుందేమో. అయితే ఆ పరికరాలకు డబ్బు పెట్టిన ప్రభుత్వమే కరువులో జనాన్ని ఎలా చూసిందో సీమ జనం ఇంకా మర్చిపోలేదు.

ఎవర్షెడ్‌కు అక్కడ అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టు వచ్చింది. మేరీతో కలిసి అమెరికా మీదుగా బయల్దేరారు. దారిలో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ చూసి, 1907 జనవరిలో కొడైకెనాల్ చేరారు. అక్కడ సూర్యుణ్ని ఒకే ఒక్క రంగులో ఫొటో తీసే స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ అప్పటికే ఉంది. క్యాల్షియం కాంతిలో సూర్యుడి ఫొటోలు 1904 నుంచే తీస్తున్నారు. ఎవర్షెడ్ ఆ మెషీన్‌ను గాడిలో పెట్టారు. హైడ్రోజన్ కాంతిలో కూడా ఫొటోలు తీసేలా దాని పక్కనే ఇంకోటి తయారు చేశారు.

ఆ ఒరిగిన గీత ఏం చెప్పింది?

1908లో ప్రపంచమంతా మౌంట్ విల్సన్ గురించే మాట్లాడుకుంది. జార్జ్ ఎలరీ హేల్ అక్కడ సూర్యుడి మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని కనిపెట్టారు. మామూలు అయస్కాంతం కాదు. భూమి అయస్కాంత క్షేత్రం ఒక గాస్‌లో సగం అనుకుంటే, మచ్చ మధ్యలో 3,000 గాస్ దాకా ఉంటుంది. హేల్ తీసిన హైడ్రోజన్ ఫొటోల్లో మచ్చల చుట్టూ సుడిగుండంలా మెలికలు కనిపించాయి. దాంతో మచ్చ అంటే సూర్యుడి మీద తుపానే, గ్యాస్ గిర్రున తిరుగుతోందని చాలామంది అనుకున్నారు. మన బంగాళాఖాతం తుపాన్ల శాటిలైట్ ఫొటో చూస్తే మీకూ అదే అనిపిస్తుంది.

తిరుగుతుంటే ఆ వేగం దొరకాలిగా? ఎవర్షెడ్ వేసుకున్న ప్రశ్న ఇదే.

అంబులెన్స్ మన వైపు వస్తుంటే సైరన్ సన్నగా, దాటి వెళ్లిపోతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా. కాంతి విషయంలోనూ అంతే. గ్యాస్ మన వైపు వస్తుంటే స్పెక్ట్రమ్‌లోని నల్ల గీతలు నీలం వైపు జరుగుతాయి, దూరంగా పోతుంటే ఎరుపు వైపు. మచ్చ నిజంగా గిర్రున తిరుగుతుంటే ఒక పక్క గ్యాస్ మన వైపు రావాలి, ఎదురు పక్క దూరంగా పోవాలి. ఆ జరుగుడు మచ్చకు ఏ పక్కల్లో కనిపిస్తుందన్నదే అసలు ఆధారం.

జనవరిలో ఎవర్షెడ్ పెద్ద మచ్చల స్పెక్ట్రమ్ తీసి చూస్తే, తిరగడం వల్ల కనిపించాల్సిన పక్కల్లో ఏమీ లేదు. సూర్యబింబం మధ్యకు దగ్గరగా ఉన్న పక్కన గీతలు నీలం వైపు, అంచుకు దగ్గరగా ఉన్న పక్కన ఎరుపు వైపు జరిగి ఉన్నాయి. బింబానికి నట్టనడుమ ఉన్న మచ్చల్లో ఈ తేడానే లేదు. దీనికి అర్థం ఒక్కటే. గ్యాస్ తిరగడం లేదు. మచ్చ మధ్య నుంచి బయటికి, ఉపరితలానికి సమాంతరంగా, అన్ని వైపులకూ పారుతోంది. నేల మీద పోసిన నీళ్లు నలువైపులా పరుచుకున్నట్టు.

వేగం సెకనుకు సుమారు రెండు కిలోమీటర్లు. ఆ స్పీడ్‌లో వెళ్తే హైదరాబాద్ నుంచి విజయవాడకు రెండున్నర నిమిషాలు కూడా పట్టదు.

హేల్‌కు పెద్ద టీమ్, పెద్ద టెలిస్కోపులు, ధనవంతుల అండ. ఎవర్షెడ్‌కు కొండ మీద చిన్న ఆఫీసు, కొద్దిమంది సిబ్బంది. అయినా సుడిగుండం మాట సరికాదని చెప్పే ఆధారం కొడైకెనాల్ నుంచే వచ్చింది. మౌంట్ విల్సన్‌లోని సెయింట్ జాన్ తర్వాత దీన్ని సరిచూసి, ఇంకో మెలిక కూడా తేల్చారు. కింది పొరల్లో గ్యాస్ బయటికి పారుతుంటే, బాగా పైపొరల్లో తిరిగి మచ్చలోకే వస్తోంది. అసలు గ్యాస్‌ను బయటికి తోసేదేంటి అన్నదానికి జవాబు దొరకడానికి దశాబ్దాలు పట్టింది. మచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు అంచులో అయస్కాంత రేఖలు దాదాపు పడుకున్నట్టు వాలి ఉంటాయి. కింద నుంచి పొంగే వేడి గ్యాస్ ఆ వాలు వెంటే బయటికి జారుతుంది. ఇందులో చిన్న చిన్న వివరాల మీద సైంటిస్టులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మచ్చ లేని చోటే అసలు చిక్కు

ఎవర్షెడ్ అంటే అందరూ మచ్చల కథతో ఆపేస్తారు. నిజానికి ఆయన్ను ఏళ్ల తరబడి నిద్రపోనివ్వనిది మచ్చ కాదు. మచ్చలూ మంటలూ లేని, ప్రశాంతంగా కనిపించే మామూలు సూర్యుడు.

1911లో ఆయన డైరెక్టర్ అయ్యారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐన్‌స్టీన్ ఓ మాట చెప్పారు. సూర్యుడి గురుత్వాకర్షణ దాటుకుని బయటికి వచ్చే కాంతి కొంచెం శక్తి పోగొట్టుకుంటుంది, కాబట్టి సూర్యుడి స్పెక్ట్రమ్‌లో గీతలన్నీ కాస్త ఎరుపు వైపు జరిగి ఉండాలి అని. ఎంతంటే, గ్యాస్ మన నుంచి సెకనుకు సుమారు 633 మీటర్ల వేగంతో దూరంగా పోతే ఎంత జరుగుతాయో అంత. ఒరిగిన గీతలు కొలవడంలో కొడైకెనాల్‌ను మించిన చోట్లు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఐన్‌స్టీన్ పాసా ఫెయిలా తేల్చే పరీక్ష ఎవర్షెడ్ టేబుల్ మీదకు కూడా వచ్చింది.

ఆయన, సహచరుడు రాయిడ్స్ కలిసి కొలిచారు. లెక్క కుదరలేదు. బింబం మధ్యలో గీతలు ఎరుపు వైపు జరిగాయి కానీ, చాలా గీతలు ఐన్‌స్టీన్ చెప్పినంత జరగలేదు. పోనీ అన్నీ ఒకేలా జరిగాయా అంటే అదీ లేదు. బలమైన గీతలు ఎక్కువ, బలహీనమైనవి తక్కువ. అంచుకు వెళ్తే మళ్లీ ఎరుపు పెరుగుతోంది. గురుత్వాకర్షణ ఒక్కటే కారణమైతే మధ్యలో ఒకలా, అంచులో ఒకలా ఎందుకుండాలి?

సులువైన దారి ఒకటుంది. సగటు తీసి, దగ్గరగా ఉందని చెప్పి, ఐన్‌స్టీన్ పేరుతో పాటు పేపర్లలోకి ఎక్కేయొచ్చు. ఎవర్షెడ్ ఆ పని చేయలేదు. కొలతలు ఏం చెప్తే అదే రాశారు. గ్యాస్ కదలికల వల్లే ఇలా అవుతోందా అని చూశారు. కానీ గ్యాస్ వల్లే ఎరుపు వస్తోందంటే, సూర్యుడి అన్ని వైపులా గ్యాస్ భూమి నుంచి పారిపోతోందని ఒప్పుకోవాలి. భూమిని చూసి సూర్యుడు భయపడుతున్నట్టు! వినడానికి నవ్వొచ్చినా, ఆయన దాన్ని కూడా కొట్టిపారేయకుండా పరీక్షించారు. ఎలాగంటే శుక్ర గ్రహంతో. శుక్రుడి మీద పడి మన దగ్గరికొచ్చే వెలుగు, మనకు కనిపించని వైపు సూర్యుడి నుంచి కూడా వస్తుంది. అంటే శుక్రుణ్ని అద్దంలా పెట్టి సూర్యుడి వీపు చూడొచ్చు. ఆ కాంతిలో గీతలు కొలిచారు. మొదట్లో వచ్చిన అంకెలు ఆయన్ను ఇంకా తికమక పెట్టాయి.

మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో ఇంకా నిలకడైన గాలి కోసం కశ్మీర్ వెళ్లి, అక్కడ కొంతకాలం తాత్కాలిక స్టేషన్ నడిపారు. గ్రహణం వేళ నక్షత్రాల కాంతి వంగడాన్ని కొలుద్దామని 1922లో ఆస్ట్రేలియాలోని వల్లాల్ దాకా వెళ్లారు. పరికరాలు మొరాయించాయి. అదే చోట అమెరికా టీమ్‌కు మంచి ఫలితాలు వచ్చాయి. గ్రహణాల్లో ఆయన లక్కు అంతే. ఇంకా ఎన్నో కొలతల తర్వాత, ఐన్‌స్టీన్ చెప్పిన ప్రభావం సూర్యకాంతిలో ఉందని 1920ల్లో ఎవర్షెడ్ ఒప్పుకున్నారు. కానీ మధ్యకూ అంచుకూ ఉన్న తేడా మాత్రం ముల్లులా మిగిలిపోయింది.

ఆ ముల్లు ఏంటో ఇప్పుడు తెలుసు. పొయ్యి మీద అన్నం కుతకుత ఉడుకుతుంటే ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. వేడి గంజి మధ్యలో పొంగుతుంది, పక్కలకు జారుతుంది, మళ్లీ కిందికి దిగుతుంది. ప్రశాంతంగా కనిపించే సూర్యుడి ఉపరితలం అంతా ఇదే. ఒక్కో బుడగ సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు. వీటిని గ్రాన్యూల్స్ అంటారు. పుట్టి పోవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. పైకి వచ్చే గ్యాస్ వేడిగా, వెలుగుగా ఉండి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కిందికి దిగేది చల్లబడి, బుడగల మధ్య సన్నటి సందుల్లో నల్లగా ఉంటుంది. కాబట్టి మనకు చేరే వెలుగులో ఎక్కువ భాగం మన వైపు వస్తున్న గ్యాస్‌దే. అది గీతలను నీలం వైపు లాగుతుంది. ఐన్‌స్టీన్ ఎరుపు వైపు తోస్తుంటే, గ్యాస్ నీలం వైపు లాగి అందులో కొంత తినేస్తోంది. అంచు దగ్గర చూస్తే, పైకీ కిందికీ కదిలే గ్యాస్ మన చూపుకు అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ లాగుడు తగ్గి, ఎరుపు బయటపడుతుంది. బలమైన గీతలు పై పొరల్లో పుడతాయి, అక్కడ ఈ ఉడుకు తక్కువ. అందుకే వాటిలో ఎరుపు ఎక్కువ.

అంటే ఎవర్షెడ్ కొలతల్లోనే ఈ ఉడుకు గుర్తు ఉంది. ఆయన రాసిపెట్టిన తేడాలు నిజమైనవే. వాటిని విప్పి చెప్పే సిద్ధాంతం, కంప్యూటర్లు ఆయన కాలానికి లేవు. 2020లో చిలీలోని టెలిస్కోప్‌కు ఉన్న హార్ప్స్ పరికరంతో తీసిన స్పెక్ట్రమ్‌ల నుంచి సూర్యుడి ఎరుపు జరుగుడును 638 మీటర్లుగా తేల్చారు. తేడా ఆరు మీటర్లు అటూ ఇటూ. ఐన్‌స్టీన్ లెక్కకు అతికినట్టు సరిపోయింది. ఇంతకీ వాళ్లు వాడింది నేరుగా సూర్యకాంతి కాదు, చంద్రుడి మీద పడి వచ్చిన వెలుగు. ఎవర్షెడ్ శుక్రుణ్ని అద్దంగా వాడుకున్నట్టే.

అయస్కాంతం సంగతేంటి అంటారా? మచ్చలు లేని చోట కూడా అది ఉంది. చిన్న బుడగలతో పాటు సుమారు 30 వేల కిలోమీటర్ల వెడల్పుండే పెద్ద ప్రవాహాలు కూడా సూర్యుడి మీద ఉన్నాయి, ఒక్కోటి సుమారు ఒక రోజు నిలుస్తుంది. గ్యాస్ వాటి మధ్య నుంచి అంచులకు పారుతూ, అయస్కాంత రేఖలను కూడా అంచులకు నెట్టేస్తుంది. ఉడికే గిన్నెలో నురగ పక్కలకు పోగుపడినట్టు. అలా పోగుపడ్డ చోట క్యాల్షియం కాంతిలో మెరుపు ఎక్కువ. సూర్యుడి ముఖమంతా వల పరిచినట్టు కనిపిస్తుంది. ఆ వలను పట్టిచ్చే ఫొటోలు కొడైకెనాల్‌లో ఎవర్షెడ్ హయాంలో ఆకాశం బాగున్న ప్రతిరోజూ తీశారు. తాము తీస్తున్నది ప్రశాంత సూర్యుడి అయస్కాంత మ్యాప్ అని అప్పట్లో ఎవరికీ తెలియదు.

మేరీ గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. మచ్చల దగ్గర లేచే జ్వాలల రకాల మీద ఆవిడ కొడైకెనాల్ ఫొటోలతోనే సొంత పేరుతో పరిశోధన ప్రచురించారు. డాంటే కవిత్వంలో ఆకాశం గురించి 1914లో పుస్తకం రాశారు. ఆవిడకు అబ్జర్వేటరీలో జీతమున్న పోస్టు ఏదీ లేదు. భర్త కథలో ఓ పేరాగా మిగిలిపోయే మనిషి మాత్రం కాదు.

ఎవర్షెడ్‌కు 1915లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1918లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ గోల్డ్ మెడల్ వచ్చాయి. 1923లో రిటైరై ఇంగ్లండ్ వెళ్లిపోయారు. సర్రేలోని యూహర్స్ట్‌లో మళ్లీ సొంత అబ్జర్వేటరీ! గాజు బదులు ద్రవం నింపిన పెద్ద ప్రిజమ్‌లు తయారు చేసుకుని, ఎనభై దాటాక కూడా సూర్యుడి గీతలు కొలుస్తూనే ఉన్నారు. మేరీ 1949లో పోయారు. ఆయన 1956 నవంబర్ 17న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ పాత ఫొటో పలకలను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ డిజిటైజ్ చేసింది. వందేళ్లకు పైగా సూర్యుడి అయస్కాంత చరిత్రను వాటి నుంచి ఇప్పుడు తిరిగి రాబడుతున్నారు. 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో ప్రధాన పరికరం తయారు చేసింది కూడా ఈ సంస్థే. అందులోని ఇంకో టెలిస్కోప్, సూట్, క్యాల్షియం కాంతిలో సూర్యుడి ఫొటోలు తీస్తోంది.

కొడైకి ఎప్పుడైనా వెళ్తే అబ్జర్వేటరీ మ్యూజియంలోకి ఓసారి తొంగిచూడండి. సూర్యుడి లైవ్ బింబం, దాని స్పెక్ట్రమ్‌లోని నల్ల గీతలు అక్కడ కళ్లారా చూడొచ్చు. ఆకాశం తెరిపిచ్చిన రోజున ఆ కొండ మీద సూర్యుడి ఫొటో ఇప్పటికీ తీస్తున్నారు.